కిటికీకి వీపు ఆనించిన అక్క

మా వార్డు ఇన్‌ఛార్జి అక్క పోయిందన్న కబురు ఉదయం డ్యూటీ మొదలైన కాసేపటికి వచ్చింది. రాత్రి డ్యూటీ వాళ్ళు ఒక్కో రోగి సంగతీ చెప్పి మాకు అప్పజెప్పే వేళ అది. ఆ వేళలో ఎవరైనా ఫోన్ ముట్టుకుంటే అక్క ఊరుకునేది కాదు. ఆవిడ సెలవు మీద నరసాపురం వెళ్ళి అప్పటికి చాలా రోజులైంది. అయినా నాకు ఆ భయం పోలేదు. జేబులో ఫోన్ అదే పనిగా కొట్టుకుంటున్నా తీయలేదు. అంతా అయ్యాక చూస్తే అక్క కూతురు; తిరిగి ఫోన్ చేశాను. "ఆంటీ, అమ్మ పోయింది" అంది. "ఎక్కడికి?" అన్నాను నేను. రోజూ చావులు చూసే ఉద్యోగంలో ఉండి నా నోటికి వచ్చిన మాట అదీ.

గుండెపోటు. తెల్లవారి ప్రార్థన చేసుకుందామని లేచి, మంచం మీదే కూర్చుని, అలాగే పక్కకి ఒరిగిపోయిందట. ఎంతమంది రోగుల్ని లేపి కూర్చోబెట్టిందో ఆవిడ. తన దగ్గర ఆ క్షణాన ఎవరూ లేరు.

సమాధి కార్యక్రమం అయిన మర్నాడు ఆ అమ్మాయి మళ్ళీ ఫోన్ చేసింది. వచ్చే ఆదివారం చర్చిలో అక్క జ్ఞాపకార్థం ఆదరణ కూడిక పెట్టుకున్నారు. చర్చి ముందు ఫ్లెక్సీ కట్టాలి, పంచిపెట్టే కార్డు మీద బొమ్మ వేయాలి. "ఒక్క మంచి ఫోటో దొరకట్లేదు ఆంటీ. ఫోన్లో ఉన్నవన్నీ అటు తిరిగినవీ, చెయ్యి అడ్డం పెట్టుకున్నవీ. ఒక్కదాంట్లో కూడా అమ్మ మా వంక చూడట్లేదు. పాస్‌పోర్టు ఫోటో ఉందనుకోండి, అది గానీ వేస్తే అమ్మ లేచొచ్చి తిడుతుంది. అక్కడ అందరూ ఫోటోలు తీసుకునేవారు కదా, ఒక్కటి వెతికి పెట్టండి" అంది. తప్పకుండా ఉంటుంది, పంపిస్తానని మాటిచ్చేశాను. ఫోన్ పెట్టేశాక గాని నాకు వెలగలేదు, అలాంటి ఫోటో మా దగ్గర కూడా లేదని.

ఒమాన్‌లో మేం పనిచేసే ఈ రుస్తాఖ్‌లో ఆవిడ చేత ఫోటో తీయించుకోని తెలుగు నర్సు లేదంటే నమ్మాలి మీరు. అలాంటి మనిషి ముఖం కోసం మేమంతా వెతుక్కోవాల్సి వచ్చింది. ఆ వెతుకులాటలో గుర్తొచ్చిన సంగతులే ఇవన్నీ.

అక్కకి ఫోటోల పిచ్చి పుట్టింటి నుంచి వచ్చింది. నరసాపురంలో వాళ్ళ నాన్నగారికి స్టూడియో ఉండేది. పెళ్ళిళ్ళు, బాప్తిస్మాలు, పరీక్ష హాల్ టిక్కెట్లకి అంటించే ఫోటోలు, అన్నీ ఆయనే. ఆయన పోయాక స్టూడియో ఎత్తేశారు. వెనకాల కట్టే బొమ్మల తెర, లైట్లు, నల్లటి గుడ్డ పరిచిన కుర్చీ తలా ఒకరు పట్టుకెళ్ళారు. ఎవరికీ అక్కర్లేనిది ఒక్క పాత లెన్స్. తూర్పు జర్మనీది. మరలు తిప్పి బిగించే రకం, ఇత్తడి చెంబంత బరువు. అది అక్కకి వచ్చింది. ఏళ్ళ తరబడి ఆవిడ సూట్‌కేసులో చీరల మధ్య చుట్టిపెట్టి ఉంది.

నేను రుస్తాఖ్ వచ్చేనాటికి అక్క మస్కట్‌లో ఒక చిన్న కెమెరా కొనుక్కుంది. లెన్స్ ఊడదీసి మార్చుకోవచ్చు గాని, లోపల అద్దం ఉండదు కాబట్టి చేతి సంచిలో పట్టేంత పల్చటి కెమెరా. దానితో వచ్చిన లెన్స్ ఆవిడకి నచ్చలేదు. "ప్లాస్టిక్ డబ్బా మూతలాగుంది" అని పక్కన పడేసింది. మా ఎక్స్‌రే విభాగంలో పనిచేసే మలయాళీ అబ్బాయి, పాత లెన్స్‌ని కొత్త కెమెరాకి తగిలించడానికి అడాప్టర్ రింగు దొరుకుతుందని చెప్పి, తనే తెప్పించి పెట్టాడు. ఆ రింగు వచ్చిన రోజు అక్క ముఖం చూడాలి. డ్యూటీ బట్టలు కూడా మార్చుకోకుండా నేల మీద కూర్చుని, ఇటు రింగు, అటు లెన్స్ బిగించి, కెమెరా నా వైపు తిప్పి నొక్కింది. పలకలేదు. మళ్ళీ నొక్కింది. తెర మీద 'లెన్స్ లేదు' అని వచ్చింది.

"ఓసి దీని దుంపతెగ! ఇంత లావు లెన్సు మొహాన పెట్టుకుని లేదంటదేంటే ఇది?" అని కెమెరాని పట్టుకుని తిట్టింది.

ఇద్దరం కూర్చుని సెట్టింగులన్నీ తిరగేశాం. ఆ పాత లెన్స్‌లో కరెంటు తీగలేమీ ఉండవు కాబట్టి, అది తగిలించి ఉందని కెమెరాకి తెలియదట. లెన్స్ లేకపోయినా ఫోటో తియ్యమని ముందే దానికి చెప్పిపెట్టాలి. ఆ చోటు దొరికి మార్చగానే టిక్కుమని పలికింది. అక్క చంటిపిల్ల కేరింత విన్నట్టు చూసింది నా వంక. "మా నాన్న లెన్సు దీని లెక్కలో లేదన్నమాట. లేకపోతే పోనీ. మనకి ఫోటో కావాలి గాని దీని ఒప్పుదల ఎందుకు?" అంది.

ఇక ఆ లెన్స్‌కి జరిగిన ప్రమాదం చెప్పాలి. మా అందరి ఫోటోలూ అలా ఉండడానికి అదే కారణం.

గోదావరి చెమ్మకి లెన్స్ లోపల బూజు పడుతుందని వాళ్ళ నాన్నగారు అప్పుడప్పుడూ దాన్ని కాసేపు పొద్దుటి ఎండలో పెట్టేవారట. ఆ అలవాటు అక్క చేతికీ వచ్చేసింది. నేను వచ్చిన ఆ జూన్‌లోనే మేముండే ఇంటి డాబా మీద సగ్గుబియ్యం వడియాలు పెట్టి, ఎలాగూ ఎక్కాను కదా అని పక్కనే పీట మీద లెన్స్ కూడా పెట్టి డ్యూటీకి వచ్చేసింది. జూన్ నెలలో రుస్తాఖ్ ఎండంటే, బకెట్లో నీళ్ళు పెడితే టీ కాచుకోవచ్చు. మధ్యాహ్నం వెళ్ళేసరికి వడియాలు గలగలలాడుతున్నాయి. లెన్స్ మాత్రం చేత్తో పట్టుకోవడానికి లేదు. చున్నీ చుట్టి దించింది. లోపల గ్రీజు కరిగి కారిపోయి, వెలుగు ఎక్కువ తక్కువలు చేసే సన్నటి రేకులన్నీ నూనె ముద్దయిపోయాయి. చల్లారేసరికి ఆ రేకులు పూర్తిగా తెరుచుకున్నవి తెరుచుకున్నట్టే బిగుసుకుపోయాయి.

రోగి గొంతు చూసినట్టు టార్చి వేసి లోపలికి చూసింది అక్క. "ఎండదెబ్బ తగిలేసిందే దీనికి" అంది. వార్డులో అందరికీ అదే చెప్పి నవ్వించింది. నాతోపాటు ఒకే గదిలో ఉండే నర్సు, మా తుని పిల్లయితే, "సెలైన్ పెట్టండక్కా లేచి కూర్చుంటాది" అంది. అక్క కూడా నవ్వింది. కాని ఆ రోజు అన్నం తినలేదు. దూదికి స్పిరిట్ అద్ది లెన్స్ పైపైన తుడుస్తూ కూర్చుని, "తిప్పుతుంటే మా నాన్న వేలు పట్టుకున్నట్టుండేదే. నా చేతులారా నేనే మాడ్చేసేను" అంది. నేను వడియాలు డబ్బాలో పోశాను.

మస్కట్ తీసుకెళ్ళి చూపిస్తే, విప్పుతాం గాని మళ్ళీ అలాగే కుదురుతుందని చెప్పలేమన్నారట బాగుచేసేవాళ్ళు. ఆవిడ సంచిలో వేసుకుని వెనక్కి తెచ్చేసింది. "పోన్లే, కళ్ళు మూసుకోలేదు కదా, తెరుచుకునేగా ఉంది" అని తనకి తనే సర్దిచెప్పుకుంది.

అప్పటి నుంచి ఆ లెన్స్‌తో ఆరుబయట పగలు ఫోటో తీస్తే అంతా తెల్లగా పేలిపోయేది. గదిలోనే తీయాలి. పైగా రేకులు ఎప్పుడూ పూర్తిగా తెరుచుకుని ఉండడంతో ఫోకస్ కాగితమంత పల్చగా పడేది. కన్ను స్పష్టంగా వస్తే చెవి మసక. ముక్కు కొస స్పష్టంగా వస్తే కన్ను మసక. ఆ చిన్న కెమెరాకి తగిలించేసరికి లెన్స్ చూపు కూడా కుంచించుకుపోయింది, మనిషంతా పట్టదు. ముందుగదికి ఉత్తరం వైపున్న పెద్ద కిటికీ దగ్గర అక్క నిలబడేది. వెనక్కి, ఇంకా వెనక్కి జరిగి, ఊచలకి వీపు ఆనించేది. ఇవతల మా మంచాలు. మధ్యలో ఒక ప్లాస్టిక్ స్టూలు. ఆ ఇరుకులో ఎంత వెనక్కి వెళ్ళినా ముఖం తప్ప ఇంకేం పట్టేది కాదు. కిటికీ వెలుగు ఆవిడ భుజాల మీదుగా వచ్చి మన ముఖాన పడేది.

ఫోకస్ కోసం లెన్స్ తిప్పడం కొంతసేపే. ఆ తర్వాత ఒళ్ళే ముందుకీ వెనక్కీ ఊపేది, సూదిలో దారం ఎక్కించేవాళ్ళలా. కెమెరా వణక్కుండా మోచేతులు రెండూ పక్కటెముకలకి అదిమిపెట్టి, భుజాలు పైకెత్తి నిలబడేది. రెక్కలు ముడుచుకుని పొదిగే కోడిలా ఉండేది ఆ వాలకం. చాటుగా మేము ఆవిడకి కోడిపెట్ట అని పేరు పెట్టాం. ఎదురుగా అనే ధైర్యం ఎవరికుంది?

"కన్ను ఒక్కటి దొరికితే చాలమ్మా, మనిషి దొరికేసినట్టే. నీ జడెవడిక్కావాలి, నీ దుద్దులెవడిక్కావాలి?" అనేది. ఫోటో తీయగానే వదిలేది కాదు. కెమెరా తెర మీద పెద్దది చేసి, కంటి దగ్గరికి వెళ్ళి, రెప్ప వెంట్రుకలు విడివిడిగా కనబడుతున్నాయో లేదో చూసేది. మా చేత కూడా చూపించేది. కనబడకపోతే మళ్ళీ స్టూలు ఎక్కాల్సిందే.

నా ఫోటో చెబుతాను. నేను తెనాలిలో మా అమ్మ దగ్గర పాలు మరవని పిల్లని వదిలి వచ్చాను. రొమ్ముల్లో పాలు ఇంకా ఆరలేదు. వచ్చిన కొత్తలో స్నానాల గదిలో తలుపేసుకుని పాలు పిండి పారబోస్తూ ఏడ్చేదాన్ని. కొత్తగా వచ్చిన ప్రతి పిల్లకీ మొదటి వారంలోనే ఫోటో తీసి ఇంటికి పంపించడం అక్క పెట్టుకున్న పద్ధతి. ఫోన్లో ఎంత బాగున్నానని చెప్పినా తల్లులు నమ్మరని, ముఖం చూస్తేనే నమ్ముతారని ఆవిడ లెక్క. నేను వచ్చినప్పుడు మాత్రం ముందు రింగు కోసం, తర్వాత లెన్స్ బాగుచేయించడం కోసం ఆగి, కొన్ని వారాలకి నన్నూ స్టూలు మీద కూర్చోబెట్టింది. కెమెరా ఎత్తింది, ఊగింది, దించేసింది.

"ముందు ఏడ్చెయ్యమ్మా. అది అయిపోయాక తీత్తాను. ఇలాటి మొహం పంపితే మీ అమ్మ రేపే పడవెక్కి వచ్చేత్తాది."

నాకు కోపం వచ్చింది. నా ఏడుపు నా ఇష్టం, నీకెందుకు అనుకున్నాను. అనుకుంటూనే భోరుమన్నాను. ఆవిడ ఓదార్చలేదు, దగ్గరికి రాలేదు. ఊచలకి వీపు ఆనించి అలా నిలబడే ఉంది. చాలాసేపటికి ముక్కు చీదుకుని తలెత్తితే, "పాప పేరేంటి?" అంది. చెప్పాను. "ఆ పేరు ఇంకోసారి మనసులో అనుకో, నా వంక చూడు" అంది. టిక్కుమంది.

ఆ ఫోటో మా అమ్మ గోడకి కట్టించింది. నా కూతురు దాని ముందు నిలబడి అమ్మ అనడం నేర్చుకుంది. మొదటిసారి సెలవుకి వెళ్ళినప్పుడు అది నన్ను చూసి పరాయిదాన్ని చూసినట్టు ఏడవలేదు. గోడ వంకా నా వంకా చూసి, చేతులు చాచింది. గల్ఫ్‌లో పిల్లల్ని వదిలి పనిచేసే ఆడవాళ్ళకి నేను విడమరిచి చెప్పక్కర్లేదు అదెంత భాగ్యమో. నేను అక్కకి రుణపడింది అక్కడ.

అన్నీ ఏడుపులే అనుకోకండి. మా ఇంటి యజమాని ఒక ఒమానీ ముసలాయన. ఒకసారి గుమ్మం ముందు ఒక మేకని తాడుతో పట్టుకుని నిలబడి, "సిస్టర్, బక్రీ కా సూరా నికాలో. అచ్ఛా సూరా" అన్నాడు, మేకకి మంచి ఫోటో తియ్యమని. పిల్లగా ఉన్నప్పటి నుంచి పెంచాడట, పండక్కి అమ్మేస్తున్నాడు. ఈలోగా దానికొక ఫోటో కావాలి. పొద్దు వాలాక పెరట్లో మోకాళ్ళ మీద కూర్చుంది అక్క. మేక నిలబడదు. "కదలకే నీ మొహం మండా! ఒక్క నిమిషం కుదురుగుండి చావలేవా?" అని ఇక్కడ అరుపు. "సిస్టర్, బక్రీ తెలుగు మాలూమ్ నహీ" అని, మేకకి తెలుగు రాదని, అక్కడ ముసలాయన నవ్వు. చివరికి తీసింది. దానికీ కంటి మీదే ఫోకస్. ముసలాయన తెర వంక చాలాసేపు చూసి "జైన్, జైన్" అన్నాడు. బాగుంది అని. ఆ పండక్కి మేకని అమ్మలేదు ఆయన. అది ఇప్పటికీ మా మెట్ల కింద పడుకుంటుంది, మా ఉతికిన బట్టల కొంగులు నములుతూ.

ఇంతమందికి తీసిన మనిషికి మేమెందుకు తీయలేదంటారా? తీశాం. ఎన్నోసార్లు. స్టూలు మీద ఆవిడని కూర్చోబెట్టి, కెమెరా మేము పట్టుకుని, కిటికీకి వీపు పెట్టి నిలబడేవాళ్ళం. ఆ కాగితమంత ఫోకస్ మా చేతికి దొరికేది కాదు. దొరికే లోపల ఆవిడ కుదురుగా ఉంటేగా! "మోచేతులు లోపలికెట్టు. ఊపిరి బిగబట్టు. లెన్సు తిప్పకే, నువ్వు ఊగు" అని పాఠం చెబుతూనే ఉండేది. ఆఖరికి నొక్కే క్షణంలో ఎలా వచ్చిందో చూద్దామని స్టూలు మీద నుంచి సగం లేచేది. అంతమందిని కదలకుండా కూర్చోబెట్టిన మనిషికి తను కూర్చోవడం చేతకాలేదు. ఫోన్ ఎత్తితే మరీ కోపం. "అది కన్ను చూసి తీయదు, అన్నీ ఒకేలా తీస్తాది" అని చెయ్యి అడ్డం పెట్టేసేది.

పాస్‌పోర్టు ఫోటో సంగతి ఆవిడే చెప్పేది. చెవులు కనబడాలని జుట్టు వెనక్కి లాగి, నవ్వొద్దని చెప్పి తీశారట. "కోళ్ళ దొంగతనం చేసి దొరికిపోయినదాన్లాగ ఉన్నాను" అనేది. చివరికి అదే ఫ్లెక్సీ ఎక్కే పరిస్థితి వచ్చింది.

సెలవుకి బయల్దేరే ముందు అక్క కెమెరానీ లెన్స్‌నీ నా చేతిలో పెట్టింది. ఒక స్టీలు టిఫిన్ డబ్బాలో, మందు సీసాల్లో వచ్చే చెమ్మ పీల్చే పొట్లాలు అడుగున పరిచి, వాటి మీద మెత్తటి గుడ్డ వేసి పెట్టింది. "వానల్లో ఊళ్ళో బూజు పట్టేత్తాది. ఇక్కడే ఉండనీ. నేనొచ్చేదాకా కొత్త పిల్లలొస్తే నువ్వు తియ్యి" అంది. నాకు రాదక్కా అన్నాను. "కన్ను చూడు, వచ్చేత్తాది. ఎండలో మాత్రం పెట్టకమ్మోయ్" అని నవ్వుతూ కారెక్కింది. ఆవిడని నేను చూడడం అదే ఆఖరు.

అక్క కూతురు ఫోటో అడిగిన సాయంత్రం ఆ టిఫిన్ డబ్బా తెరిచాను. మూత తీయగానే గుడ్డలోంచి అక్క వాడే పౌడరు వాసన వచ్చింది. కాసేపు అలాగే ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. తర్వాత కెమెరాలోని మెమరీ కార్డు తీసి లాప్‌టాప్‌లో పెట్టాను. మేము అక్కకి తీసినవన్నీ అందులోనే ఉన్నాయి. ఒకదాంట్లో పెదాలు కదిలిపోయాయి. ఒకదాంట్లో సగం లేచి తల తెగిపోయింది. ఒకదాంట్లో ఆవిడ పొగమంచులో ఉన్నట్టుంది, వెనక గోడ మీద కేలండర్ అంకెలు మాత్రం కంటికి కొట్టినట్టు కనబడుతున్నాయి. ఉన్నవాటిలో కాస్త నయమైనవి ఏరి పంపించాను.

కాసేపటికి అక్క కూతురు ఫోన్ చేసింది. "ఆంటీ, వీటిలో గోడ బాగా పడింది" అంది. "పర్లేదులెండి ఆంటీ. మీరేం చేస్తారు. పాస్‌పోర్టుదే ఇచ్చేస్తాను" అంది. మాటిచ్చి నిలబెట్టుకోలేకపోయానన్న బాధ ఒకటి, తల్లి ముఖం కోసం ఆ పిల్ల పడుతున్న వేదన ఒకటి. ఆ పూట అన్నానికి లేవకుండా లాప్‌టాప్ ముందే కూర్చున్నాను.

అక్క ముఖం లేకపోతే పోయింది, కనీసం అక్క తీసిన ఫోటోలైనా పంపిద్దాం, కూడికలో నలుగురూ చూస్తారు అనిపించింది. ఏరడం మొదలుపెట్టాను. ఆవిడ నేర్పిన అలవాటే, ఏ ఫోటో అయినా ముందు కన్ను పెద్దది చేసి చూసుకోవాలి. మొట్టమొదట నాదే తెరిచాను. ఎర్రబడిన రెప్పలు, అంటుకుపోయిన వెంట్రుకలు. ఎన్నిసార్లు చూశానో ఈ ఫోటో. కాని ఎప్పుడు చూసినా రెప్పలే చూశాను. నల్లగుడ్డు మీద పడిన తెల్లటి మెరుపు వంక ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు ఎందుకో ఇంకా పెద్దది చేశాను.

ఆ మెరుపు మా కిటికీ. ఊచలు కూడా తెలుస్తున్నాయి. కిటికీ మధ్యలో నల్లగా, చీమ తలంత, ఒక మనిషి ఆకారం. ఇంకా పెద్దది చేశాను. ఎత్తిన భుజాలు. పక్కటెముకలకి అదిమిన మోచేతులు.

కుర్చీ జరుపుకుని లేచి నిలబడ్డాను. "అక్కా!" అని పైకే అన్నాను. వంటింట్లోంచి తుని పిల్ల పరుగెత్తుకొచ్చింది.

ఆ ముక్క మటుకు కత్తిరించి నరసాపురం పంపించాను. ఏమిటిదని ఏమీ రాయలేదు. ఫోన్ వెంటనే మోగింది. "కోడిపెట్ట" అంది ఆ అమ్మాయి. నేను నాలుక కరుచుకున్నాను. "అమ్మకి తెలుసాంటీ, మీరు అలా అంటారని. మాకు చేసి చూపించి నవ్వేది" అంది. ఇద్దరం ఫోన్ పట్టుకుని నవ్వాం, ఏడ్చాం. ఏది ఎప్పుడు మొదలైందో తెలియలేదు. "అమ్మ చూస్తోంది కదాంటీ" అంది చివరికి. చూస్తోందమ్మా అన్నాను.

ఆ శుక్రవారం మా ముందుగదిలో ప్రార్థన పెట్టుకున్నాం. రుస్తాఖ్‌లో ఉన్న మావాళ్ళంతా వచ్చారు. ప్రార్థన అయ్యాక స్టూలు మీద లాప్‌టాప్ పెట్టి, ఒక్కొక్కరి ఫోటో తెరిచి, కన్ను పెద్దది చేస్తూ వెళ్ళాను. ఎవరి వంతు వస్తే వాళ్ళు స్టూలు ముందు మోకాళ్ళ మీద కూర్చుని తమ కంట్లోకి తాము వంగి చూసుకున్నారు. "నా దాంట్లో ఉందే" అన్నారొకరు. "నా దాంట్లో కూడా. రెండు కళ్ళలోనూ ఉంది" అన్నారు ఇంకొకరు. ఒకావిడ దాంట్లో అక్క కాస్త ఒక పక్కకి ఒరిగి ఉంది, ఆ రోజు నడుం నొప్పి కాబోలు. అప్పుడు తుని పిల్ల చిన్న గొంతుతో, "మేక ఫోటో చూడక్కా" అంది. తెరిచాను. ఆ అడ్డపు నల్లగుడ్డు మీద వాలిపోయే ఆకాశం, దాని కింద మోకాళ్ళ మీద కూర్చున్న మనిషి, అవే మోచేతులు. అందరం ఒక్కసారి నవ్వేశాం. కిందనుంచి మేక అరిచింది.

ఫ్లెక్సీ మీద పాస్‌పోర్టు ఫోటోయే వేశారట. చేసేదేముంది, నలుగురికీ ముఖం తెలియాలిగా. కాని చర్చిలోపల ఆవిడ తీసిన మా ముఖాలు, నేను పంపినవన్నీ, పెద్దవిగా అచ్చు వేయించి గోడ పొడుగునా అంటించి, ఆ అమ్మాయి వచ్చినవాళ్ళకి ఒక భూతద్దం ఇచ్చిందట. వాళ్ళ తాతగారి స్టూడియోలోదే, అక్క ఎక్కడ దాచిందో వెతికి తీసింది. అక్క గురించి ఎవరు ఏం మాట్లాడారో నేను అడగలేదు. చాలాసేపు ఎవరూ గోడ దగ్గర నుంచి కదల్లేదని మాత్రం చెప్పింది.

నిన్న కొత్త పిల్ల వచ్చింది, భీమవరం వైపు నుంచి. ఏడుస్తూనే ఉంది. ఇవాళ సాయంత్రం టిఫిన్ డబ్బా తీసి, లెన్స్ బిగించి, ఆ పిల్లని స్టూలు మీద కూర్చోబెట్టాను. ముందు ఏడ్చెయ్యి, తర్వాత తీస్తానన్నాను. అది నా వంక కోపంగా చూసి, చేతుల్లో ముఖం పెట్టుకుంది. నేను దగ్గరికి వెళ్ళలేదు. వెనక్కి జరిగాను, ఇంకా వెనక్కి. ఊచలు వీపుకి తగిలాయి. పగటి వేడికి ఇంకా వెచ్చగానే ఉన్నాయి. మోచేతులు పక్కలకి అదుముకుని, ఆ పిల్ల తలెత్తేదాకా అలా నిలబడ్డాను.